అన్నవరం వెళ్ళని బండి

ఈ సంగతి రాసి పంపడం ఇది మూడోసారి. మొదటిసారి మా డీలర్ల సంఘం సావనీరుకు పంపితే స్థలం చాలలేదన్నారు. ఆ సంచికలోనే నాలుగు పేజీల నిండా శాలువాలు కప్పుతున్న ఫొటోలున్నాయి. రెండోసారి ఏకంగా కంపెనీకే రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఆ కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. ఇప్పుడు మీ పత్రిక రిటైరైన వాళ్ళ ఉద్యోగ అనుభవాలు అడిగింది కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. రాయకపోయినా వాళ్ళకు తెలుస్తుంది.

1985 వేసవిలో నేను రాజమండ్రిలో ఒక మోటారు సైకిళ్ళ ఏజెన్సీ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. నాకింద ఆరుగురు మెకానిక్కులు. నా పైన వర్క్స్ మేనేజరు అనే పదవి కాగితం మీద ఉండేది, ఆ కుర్చీలో మనిషి లేడు. ఆ పైన ప్రొప్రైటరు గారు. మా అందరి మీదా కంపెనీ తరఫున ఏరియా సర్వీస్ ఇంజినీరు. ఆయన నెలకొకసారి వచ్చి, పాడైన భాగాలు చూసి, ఏది కంపెనీ లోపమో ఏది బండి తోలినవాడి తప్పో తేల్చి వారంటీ ఫారం మీద సంతకం పెట్టేవాడు. ఆయన సంతకం తర్వాత మార్పు ఉండదు. ఫోర్‌మన్‌గా పనిచేయాలంటే కంపెనీ ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి. దాన్ని ఉంచడం, తీసేయడం కూడా ఆయన రిపోర్టు మీదే ఆధారపడి ఉండేది.

అవి వంద సీసీ బండ్లు కొత్తగా వచ్చిన రోజులు. అంతకుముందు మనవైపు తిరిగిన టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోలు పోయించుకునేటప్పుడే ఆయిలు కలిపించుకునేవాళ్ళు. ఈ కొత్త బండికి ఆయిలు డబ్బా వేరు. ఇంజను పక్కన చిన్న పంపు ఉంటుంది. యాక్సిలరేటరు కేబులు రెండుగా చీలి ఒకటి కార్బొరేటరుకు, ఒకటి ఈ పంపుకు వెళుతుంది. ఎంత తిప్పితే అంత పెట్రోలు, దానికి తగినంత ఆయిలు. మంచి ఏర్పాటే, నేను కాదనను.

కానీ ఆ వేసవిలో బండ్లు వరసగా పట్టేయడం మొదలుపెట్టాయి. పట్టేయడమంటే, పిస్టను బ్లాకులో బిగుసుకుపోయి ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం. అయిదారేళ్ళు తిరిగిన బండికి అలా జరిగితే ఆశ్చర్యం లేదు. ఇవి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని బండ్లు. ఒక్క రెండు నెలల్లో పదకొండు వచ్చాయి.

ఇంజినీరు గారి దగ్గర దీనికి కారణం సిద్ధంగా ఉంది. మన జిల్లాల్లో ఎవరు బండి కొన్నా ముందు అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయిస్తారు. రాజమండ్రి నుంచి డెబ్బై కిలోమీటర్లు పైన. కొత్త ఇంజనును మొదటి అయిదువందల కిలోమీటర్లు నలభై దాటకుండా నడపాలని బండితో ఇచ్చే కార్డు మీద రాసి ఉంటుంది. మనవాళ్ళు ఇద్దరినో ముగ్గురినో ఎక్కించుకుని హైవే మీద అరవైలో తోలేస్తారు, అందుకే పట్టేస్తోంది అని ఆయన తేల్చేశాడు. పట్టేసిన బండి కనబడగానే "ఇంకో అన్నవరం కేసా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు మాకూ అలవాటైంది. ఫారంలో 'లోపానికి కారణం' అన్న గడి దగ్గర 'కస్టమర్ మిస్‌యూజ్' అని ఆయన చెప్పకముందే నేను రాసి ఉంచేవాణ్ణి. ఇది దాచుకోవలసిన విషయమే. దాచి రాస్తే మిగిలినదంతా అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను.

జూలైలో ఒక ఉదయం కొబ్బరికాయల లారీలో పన్నెండో బండి దిగింది. పెనుగొండలో ఇల్లు, మార్టేరులో బట్టల కొట్టు ఉన్న వెంకటరత్నం గారిది. ఆ రోజే ఇంజినీరు గారి విజిట్. బ్లాకు విప్పాం, పిస్టను నిండా గీతలు. నేను అలవాటుగా గడి నింపాను, ఆయన కింద సంతకం పెట్టి 'రిజెక్టెడ్' అని ముద్ర కొట్టి మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు.

మూడింటికి వెంకటరత్నం గారు బస్సు దిగి వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. నేను నలుగురిలో గట్టిగానే అన్నాను.

"ఏంటండీ, అన్నవరం దాకా ఒక్క బిగిన తోలేశారా? కార్డు మీద రాసింది చదవలేదా?"

ఆయన గొడుగు గోడకు ఆనించారు. "అన్నవరమాండీ? మాకు పురుడండీ. బండి ఇంటికి తెచ్చిన సాయంత్రమే మా తమ్ముడి భార్య ప్రసవించింది. పదకొండు రోజులు ఏ గుడికీ వెళ్ళకూడదు కదండీ. మా ఊరి అమ్మవారి గుడి మెట్లే ఎక్కలేదు, అన్నవరం కొండెక్కుతానా? బండికి బొట్టు కూడా పెట్టలేదు. ఇంటికీ కొట్టుకీ మధ్య తిరిగిందంతే."

"ఎంత స్పీడులో?"

"ముప్ఫై. కార్డు మీద నలభై అని ఉందండి. ఎందుకైనా మంచిదని పది తగ్గించాను. వెనకాల సైకిలు వాళ్ళు బెల్లు కొడుతుంటే దారి ఇచ్చేవాణ్ణి. మా కొట్లో గుమాస్తాలంతా నవ్వారు కూడానండి."

నేను బండి దగ్గరకు వెళ్ళి చూశాను. అన్నవరం వెళ్ళొచ్చిన బండిని చూస్తేనే తెలుస్తుంది. హ్యాండిలుకు ఎండిన బంతిపూల దండ దారమైనా మిగిలి ఉంటుంది, హెడ్‌లైటు మీద పసుపు కుంకుమ మరక ఉంటుంది, టైరు గాడిలో నిమ్మకాయ తొక్క ఇరుక్కుని ఉంటుంది. ఈ బండి షోరూము నుంచి వెళ్ళినంత శుభ్రంగా ఉంది. ఉదయం నుంచీ అది నా కళ్ళముందే ఉంది. నేను చూడలేదు.

పంపు మూత విప్పాను. పంపు చక్రం మీద ఒక గీత, పంపు బాడీ మీద ఒక గీత ఉంటాయి. యాక్సిలరేటరు లూజు తీసిన చోట రెండూ ఎదురెదురుగా రావాలి. ఈ బండిలో వాటి మధ్య బియ్యపు గింజంత ఎడం ఉంది. అంటే యాక్సిలరేటరు మొదట తిప్పినంత మేరా కేబులు లూజు తీయడానికే సరిపోతోంది, పంపు కదలడం లేదు. ఎక్కువ తిప్పేవాడికి ఆయిలు అందుతుంది. కార్డు మీద రాసినట్టు నెమ్మదిగా నడిపేవాడు ఆ కొద్ది మేరలోనే ఉంటాడు కాబట్టి అతని ఇంజను ఆయిలు చాలక ఎండుతుంది.

మరి బండి డెలివరీకి ముందు మేం చూడొద్దా అని మీరు అడగవచ్చు. ఆ కేబులు అడ్జస్టరు మీద ఫ్యాక్టరీ వాళ్ళు పసుపు రంగు చుక్క పెట్టి పంపేవారు. చుక్క ఉన్నచోట డీలరు చెయ్యి పెట్టకూడదు, చుక్క పగిలితే వారంటీ పోయినట్టే. అందుకని ఆ మూత ఎవరూ విప్పేవాళ్ళం కాదు.

ఒక్క బండితో దేన్నీ తేల్చలేం. ఆ లాటులో బండ్లు కొన్న అందరికీ పోస్టుకార్డులు రాశాను. పట్టేసిన వాళ్ళకే కాదు, పట్టేయని వాళ్ళకూ రాశాను. అన్నవరం వెళ్ళారా, ఎంత వేగంలో తోలారు అన్నవే ప్రశ్నలు. మండపేట వైపు రైతు సూర్యారావు కార్డు రాయకుండా బండి మీదే వచ్చేశాడు.

"పెళ్ళాన్నీ బావమరిదినీ ఎక్కించుకుని అన్నవరం వెళ్ళొచ్చానండి. డెబ్బైలో తోలాను. ఆయ్, ఏం కాలేదండి. కేసు పెడతారేంటి కొంపదీసి?"

పెట్టనని చెప్పి టీ ఇప్పించి పంపాను. కార్డులన్నీ వచ్చాక చూస్తే అన్నవరం వేగంగా వెళ్ళొచ్చిన బండ్లలో ఒక్కటి తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. పట్టేసిన బండ్ల వాళ్ళు ఎక్కువగా బడిపంతుళ్ళు, కొట్ల యజమానులు, ఒక పోస్టుమాస్టరు. బండితో ఇచ్చిన కార్డు చదివి, దాని ప్రకారం నడిపినవాళ్ళు.

ప్రొప్రైటరు గారికి చెప్పాను. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చయ్యా. ఏజెన్సీ పోతే నిజం మనల్ని పోషిస్తుందా? చుక్క జోలికి మాత్రం వెళ్ళకు" అన్నారు.

వెంకటరత్నం గారికి కబురు పెట్టి, చుక్క పగలగొడితే వారంటీ పోతుందని చెప్పాను.

"ఉన్న వారంటీ ఏం చేసిందండీ? నేను బండి పాడుచేశానని రాసింది. పగలగొట్టండి" అన్నారు.

పగలగొట్టాను. అడ్జస్టరు మర చివరిదాకా విప్పినా గీతలు కలవలేదు. అంటే బిగింపులో తేడా కాదు, కేబులే పొడవు. రెండు ఇత్తడి వాషర్లు వేస్తే గీతలు కలిశాయి. ఆయన తన ఖర్చుతో కొత్త పిస్టను వేయించుకుని, మళ్ళీ ముప్ఫైలోనే నడుపుకుంటూ పెనుగొండ వెళ్ళారు. ఆ బండి మళ్ళీ పట్టేయలేదు.

ఆగస్టు విజిట్‌లో ఇంజినీరు గారికి అన్నీ చూపించాను. కేబులు వాడకంలో సాగి ఉంటుందన్నాడు. ఆ ఉదయమే లారీ దిగిన బండ్లు షెడ్డులో ఉన్నాయి. పెట్రోలు కూడా పోయనివి, చుక్కలు చెదరనివి. ఆయన ముందే ఆరు బండ్ల పంపు మూతలు విప్పించాను. అయిదింటిలో అదే ఎడం. ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, లోపలికి వెళ్ళి గంటసేపు రిపోర్టు రాశాడు. అందులో కేబులు ఊసు లేదు. 'ఫోర్‌మన్ అనుమతి లేకుండా ఫ్యాక్టరీ సెట్టింగు మార్చాడు, తగిన సాంకేతిక జ్ఞానం లేదు' అని ఉంది. కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెడితే హెచ్చరికతో వదిలేస్తారు, పెట్టకపోతే సర్టిఫికెట్ పోతుంది.

'అంగీకరించను' అని రాసి, దాని కింద సంతకం పెట్టాను.

సర్టిఫికెట్ పోయింది. ప్రొప్రైటరు గారు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు, అది ఆయన మంచితనం. స్పేర్ పార్టుల కౌంటరులో కూర్చోబెట్టారు. నాకింద పనిచేసిన వాళ్ళు గాజు కిటికీ అవతల నిలబడి నట్లు, రింగులు అడుగుతుంటే నేను అందించాను. అలా అయిదు నెలలు గడిచాయి.

జనవరిలో అదే కౌంటరుకు కంపెనీ పార్సిలు వచ్చింది. విప్పింది నేనే. లోపల కొత్త కేబుళ్ళు, నంబరు చివర ఒక అక్షరం కొత్తగా చేర్చి ఉంది. పాతదాని పక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. దాంతో వచ్చిన సర్క్యులరులో 'మెరుగుపరచిన కేబులు' అని, క్షేత్రస్థాయి సిబ్బంది అప్రమత్తతకు అభినందనలని ఉంది. సిబ్బంది అన్నచోట ఉన్నది మా ఇంజినీరు గారి పేరే. పట్టేసిన బండ్లకు 'గుడ్‌విల్' కింద పిస్టన్లు ఉచితంగా ఇస్తామన్నారు. లోపం అన్న మాట ఎక్కడా లేదు.

ఆ కబురు చెప్పడానికి నేనే పెనుగొండ వెళ్ళాను. వెంకటరత్నం గారు పిస్టను తీసుకోలేదు.

"నాకు వాళ్ళ దయ అక్కర్లేదండి. నా తప్పు లేదని రాయమనండి, చాలు."

"ఆ ఫారం మీద మొదట రాసింది నేనేనండీ" అన్నాను.

"తెలుసండి, మీ పోస్టుకార్డు వచ్చినప్పుడే చేతిరాత గుర్తుపట్టాను" అని లోపలికి చూసి కాఫీ తెమ్మన్నారు.

మర్నాడు ఆయన బండి వెనకాల కూర్చుని నేను కూడా అన్నవరం వెళ్ళాను. పురుడు వల్ల ఆగిన పూజ అప్పటిదాకా అలాగే ఉండిపోయింది. బండి ముప్ఫై దాటలేదు. మధ్యాహ్నానికి చేరి, వ్రతం టిక్కెట్టు వేళ దాటిపోతే బండికి పూజ ఒక్కటి చేయించుకుని, చెరో విస్తరాకు ప్రసాదం తిన్నాం. నా ఉద్యోగంలో అంత నెమ్మదిగా, అంత హాయిగా జరిగిన ప్రయాణం మరొకటి లేదు.

తర్వాతి నెలలో నన్ను తిరిగి ఫోర్‌మన్ చేశారు. ఎందుకు తీశారో, ఎందుకు ఇచ్చారో కాగితం మీద లేదు. ఇంకో పదిహేడేళ్ళు చేసి రిటైరయ్యాను. నాకు కొరతేమీ లేదు. ఇంట్లో మేకుకు ఆ పొడవు కేబులు వేలాడుతోంది, మా ఆవిడ దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తుంది.

ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఇదీ. కారణం ముందే రాసి ఉంచుకుని బండి విప్పకూడదు. పాడైనవాటినే కాక బాగున్నవాటినీ చూడాలి. బండి తెచ్చిన మనిషిని తప్పుపట్టే ముందు ఏం జరిగిందో అతన్నే అడగాలి. ఆ తర్వాత నా దగ్గర పనిచేసిన ప్రతి మెకానిక్కు చేతా ఆ గడిని ఆఖరునే నింపించాను.

ఇక కంపెనీ వారికి. వెంకటరత్నం గారికి ఇప్పుడు ఎనభై దాటాయి. నెలకొకసారి ఫోన్ చేసి "ఏమన్నా జవాబొచ్చిందాండీ?" అని అడుగుతారు. లేదండీ అంటాను, వస్తుందిలెండి అంటారు. ఆ ఇంజినీరు గారు కూడా రిటైరై ఎక్కడో ఉండే ఉంటారు. ఆ వారంటీ ఫారం కార్బన్ కాపీ నా దగ్గర ఉంది, అసలుది మీ దగ్గర ఉండాలి. గడిలో ఉన్నది నా రాత. దాని మీద నేను ఇప్పటికే అడ్డగీత గీసి సంతకం పెట్టాను. నా సంతకానికి విలువ లేదని మీ రూలు. కాబట్టి విలువున్న వాళ్ళెవరైనా 'కస్టమర్ మిస్‌యూజ్' కొట్టేసి, 'కేబులు పొడవు' అని రాసి, కింద సంతకం పెట్టి పంపండి. ఒక కాపీ పెనుగొండకు, ఒకటి నాకు. మా ఇద్దరి చిరునామాలూ ఈ పత్రిక సంపాదకుల దగ్గర ఉన్నాయి. ఈసారి అందిందన్న కార్డు నాకు వద్దు, జవాబు రాయండి.