ఆనపబుర్రలోని గింజలు

ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఆ రోజుల్లో నేను నాన్న బతుకుతాడా లేదా అని మాత్రమే భయపడ్డానని ఇంట్లో అందరూ అనుకుంటారు. నిజానికి దాని పక్కన ఇంకో భయం కూడా ఉండేది. ఒక్కోసారి అదే పెద్దదయ్యేది. ఇంటికి వెళ్లాక ఈ సంగతి మామ్మకు ఎవరు చెబుతారు? నాన్న ప్రాణం మీదికి వచ్చిన వేళ నేను మామ్మ ముఖం గురించి ఆలోచించానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

మామ్మ అంటే నాన్నను కన్నతల్లి. పొందూరు దగ్గర మా ఊళ్లో, మా ఇంటి పెరడంతా ఆవిడ చేతి కింద ఉంటుంది. ఆనప విత్తనం ఆవిడ పుట్టింటిది. పాతపట్నం నుంచి కాపురానికి వస్తూ కొంగున ముడేసుకుని తెచ్చుకుందట. మిగతా చోట్ల సొరకాయ అనేదాన్నే మేము ఆనపకాయ అంటాం. ప్రతి ఏడూ పందిరి మీద ఒక మంచి కాయను ఎంచి దానికి గుడ్డపీలిక కడుతుంది. ఇక ఆ కాయను ఎవరూ ముట్టకూడదు. అది ముదిరి, ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడే దాకా ఉంచి, ఆ బుర్రను వంటింట్లో నీళ్లు కాచే కట్టెల పొయ్యి పైన వేలాడదీస్తుంది. పొగకు పురుగు చేరదు. మా వీధిలో ఎవరి దడి మీద ఆనపతీగ పాకినా అది మామ్మ ఇచ్చిన గింజే.

నాన్న బస్సు కండక్టరు. సుగర్ ఉందని తేలాక ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి, పొద్దున్నే డ్యూటీకి వెళ్లే ముందు పచ్చి ఆనపకాయ రసం గ్లాసుడు తాగడం మొదలుపెట్టాడు. బజారు కాయలకు మందులు కొడతారని మామ్మే మా పందిరి నుంచి కోసిచ్చేది. కార్తీకంలో ఒకరోజు ఆ రసం చేదుగా ఉంది. నాన్న ఆగలేదు. కాకరకాయ చేదు కాదా, వేపాకు చేదు కాదా, మందన్నాక చేదుగానే ఉంటుందనుకుని చివరి చుక్క దాకా తాగేశాడు. బస్టాండు చేరకముందే వాంతులు. తర్వాత రక్తం. శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి బీపీ అందడం లేదన్నారు.

పొద్దున ఏం తిన్నాడని డాక్టరు అడిగితే నేనే చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"చేదుగా ఉందా?"

"ఉందన్నారు."

"చేదుగా ఉంటే ఉమ్మెయ్యాలమ్మా. చేదు సొరకాయ విషం."

నాన్న గండం గట్టెక్కి, మాట్లాడే ఓపిక వచ్చాక అమ్మతో అన్న మొదటి మాట, "మాయమ్మకి సెప్పకండి. తన సేత్తో కోసిచ్చినాది. తెలిస్తే బతకదు."

అందుకని మామ్మకు కడుపులో పుండు అని చెప్పాం. డాక్టరు రసం మానెయ్యమన్నాడని చెప్పాం. అమ్మ ఇంటికి వచ్చీ రాగానే ఆ తీగల్ని మొదలంటా పీకేసి, ఎండిపోయాయని చెప్పింది. కాని మేము ఆస్పత్రిలో ఉన్నప్పుడే పీలిక కట్టిన కాయను మామ్మ కోసేసింది. మేము వచ్చేసరికి అది పొయ్యి పైన వేలాడుతోంది.

ఆ పందిరి మీద రెండు తీగలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉండేవి. అంతకుముందు వండుకున్న కాయలు ఏవీ చేదుగా లేవు. అంటే అవన్నీ ఒకే తీగవై ఉండాలి; అది మంచిది, రెండోది కాదు. పొయ్యి మీది బుర్ర ఏ తీగదో తెలుసుకునే దారి లేదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న వ్యవసాయం పుస్తకంలో నేను ఇంకో సంగతి చదివాను. కాలువ గట్ల మీద తనంత తాను పెరిగే చేదు ఆనప పుప్పొడి పురుగుల వల్ల వచ్చి కలిస్తే, ఆ ఏడు కాయ బాగానే ఉంటుందట. దాని గింజల్లోంచి మొలిచిన తీగ చేదెక్కుతుందట. అంటే అది మంచి తీగ కాయ అయినా గింజను నమ్మడానికి లేదు. ఆ పేజీ చదివాక పుస్తకం మూసేశాను. కాని వంటింట్లోకి వెళ్లిన ప్రతిసారీ నా తల పైకి లేచేది.

మాఘమాసం వచ్చింది. మంచు తగ్గింది. ఎండాకాలం కాయగూరలకు మామ్మ పెరడు తవ్వించింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, ఎక్కడ ఏది వెయ్యాలో కాగితం మీద గీయమంది. ఆవిడ కర్రతో చూపిస్తుంటే నేను గీస్తున్నాను.

"ఇక్కడ బెండ. ఆ పక్కన గోరుసిక్కుడు. వంగ నారు ముందు పోసుకోవాల. బోరు కాడ తోటకూర సల్లెద్దాం, నీల్లు అందుతాయి. ఏటే, అలా సూత్తన్నావు? రాయి."

"రాస్తన్నాను మామ్మా."

"ఆ మూలకి ఏటి రాసినావు?"

"ఏటీ రాయలేదు."

"పందిరి రాటలక్కడే పాతి ఉన్నాయి కదే, కళ్లు కనపడవేటి? ఆనప రాయి. శివరాత్రికి ముందే ఏసేద్దాం."

రాశాను. ఆ మూడక్షరాలు రాస్తుంటే పెన్సిలు ముల్లు విరిగింది. మామ్మ నవ్వింది. "సదువుకున్న గుంట. ఆనప రాయడానికి ఇంత బలమేటే!"

వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ అంతా వింటోంది. నేను లోపలికి వెళ్లగానే చెయ్యి పట్టుకుంది.

"నువ్వే సెప్పాల."

"నాన్న వద్దన్నాడు కదా."

"నాను సెప్తే కోడలు వంక పెట్టినాదంతాది. నువ్వు మనవరాలివి, నీ మాట పడతాది. అవి మొలిచి కాసినాక ఏటి సేద్దాం? కాపలా కాద్దామా?"

నాకు బయటివాళ్లతో మాట్లాడడమే కష్టం. బస్సులో దిగాల్సిన స్టాపు దగ్గర ఆపమని అడగలేక తరువాతి స్టాపు దాకా వెళ్లి వెనక్కి నడిచి వచ్చే మనిషిని. కండక్టరు కూతురివై ఉండి ఇదేం విడ్డూరమని నాన్న నవ్వుతాడు. అలాంటి నన్ను, నాన్న దాచమన్న మాటను, ఆయన తల్లి ముందు బయటపెట్టమంటోంది అమ్మ.

ఆ రాత్రి నాన్నతో చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కుని, ఒక ఉపాయం చెప్పాడు. కొట్లో ఆనప గింజలు కొందాం. మామ్మ బుర్ర పగలగొట్టాక, విత్తే ముందు వాటిని మార్చేద్దాం. ఆవిడకు ఎలాగూ చూపు ఆనదు.

వారంసెలవు నాడు ఇద్దరం శ్రీకాకుళం వెళ్లాం. విత్తనాల కొట్టు గోడ నిండా బొమ్మల పొట్లాలు. బెండ, బీర, దోస, టమాటా. ఇంకో సమయమైతే ఒక్కొక్కటీ తీసి వెనకాల రాసింది చదువుకుంటూ సాయంత్రం దాకా ఉండేదాన్ని. ఆ రోజు నా కళ్లు ఒక్క పొట్లం మీదే ఉన్నాయి. కొట్టతను దాన్ని చించి నాన్న అరచేతిలో నాలుగు గింజలు పోశాడు. అవి గులాబీ రంగులో ఉన్నాయి.

"రంగు లేనివి లేవా బాబూ?" అన్నాడు నాన్న.

"అన్నిటికీ మందు పట్టించే వస్తాయండీ. రంగుతో మీకేటి పని? పెళ్లిసూపులకి వొచ్చినారేటి?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాన్న కూడా నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ఆ పొట్లమే కొన్నాడు. బెండ, గోరుచిక్కుడు కూడా తీసుకున్నాం.

తిరిగి వస్తుంటే బస్సులో అన్నాడు, "మీ మామ్మకి కళ్లు ఆనవు గదా. తెల్లగింజేదో, రంగుగింజేదో తెలుత్తాదేటి?"

"వేళ్లు ఆనతాయి నాన్నా. మందు పట్టిన గింజని పట్టుకుంటే సెప్పేత్తాది."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. "నాను సూసుకుంతాను. నువ్వేటీ అనకు," అన్నాడు.

ఆయన ఏమీ చూసుకోలేదు. రోజూ సాయంత్రం మామ్మ పక్కన కూర్చుని బస్సులో జరిగిన తగాదాలు చెప్పేవాడు. ఆవిడ నవ్వేది. ఆయన లేచి వచ్చేసేవాడు. నేను గదిలోంచి చెవులు రిక్కించి వినేదాన్ని. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకునేదాన్ని.

శివరాత్రి దగ్గర పడింది. ఒక పొద్దున నేను లేచేసరికి నాన్న డ్యూటీకి వెళ్లిపోయాడు. మామ్మ తలస్నానం చేసి, బుర్రను దించి, పెరట్లో చాకిరేవు బండ పక్కన చేట పెట్టుకుని కూర్చుంది. గులాబీరంగు గింజల పొట్లం నా సంచిలోనే ఉంది. దాన్ని తీసి ఏం చెయ్యాలో తెలియలేదు.

నేను పెరట్లోకి వచ్చేసరికే పక్కింటి అత్త చంకలో మనవణ్ని ఎత్తుకుని దడి దాటి వచ్చేసింది.

"సిన్నమ్మా, నా వాటా ముందెట్టు. పోయినేడు నీ ఆనప పులుసు తిని మీ అల్లుడు పళ్లెం నాకినాడు."

"నాకడా మరి! ఎవులి ఇత్తనం అనుకున్నావు?"

మామ్మ బుర్రను బండకేసి కొట్టింది. పెంకు రెండుగా విడిపోయింది. లోపల ఎండిన తెల్లటి బెండు, దానికి అంటుకుని గింజలు. వేళ్లతో విదిలిస్తే చేటలో టపటపా రాలాయి. పక్కింటి అత్త బిడ్డను కిందికి దించి కొంగు పట్టింది. ఆ పిల్లాడు చేట అంచు పట్టుకుని నిలబడ్డాడు. మామ్మ దోసిలి నిండా గింజలు తీసుకుంది.

"వద్దు."

అంత గట్టిగా అన్నది నేనేనని నాకే తెలియలేదు. మామ్మ చేతులు గాలిలో ఆగాయి.

"ఏటి వొద్దు?"

"ఇవ్వకు మామ్మా. మనం కూడా ఎయ్యొద్దు."

"ఎందుకే?"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది గాని ముందుకు రాలేదు. పుస్తకంలో చదివిందంతా, పుప్పొడి, తీగలు, డాక్టరు మాట, అన్నీ గొంతు దాకా వచ్చి ఒక్క మాటే బయటికి వచ్చింది.

"సేదు."

పక్కింటి అత్త పకపకా నవ్వింది. "ఓలమ్మో! ఇన్నాళ్లకి నోరిప్పినాది గుంట. ఇప్పి ఇంత మాటా!"

మామ్మ నవ్వలేదు. "నా ఇత్తనమా సేదు? మీ తాత తిన్నాడు. మీ నాన్న తిన్నాడు. ఈ వీదంతా తిన్నాది. నీ పుస్తకాల్లో రాసినారేటే మాయమ్మ ఇత్తనం సేదని?"

"నువ్వెయ్యకు మామ్మా, నీ కాళ్లు పట్టుకుంతాను."

"కాళ్లెందుకు, నాలికున్నాది కదా. ఇదిగో సూడు."

పెంకులోంచి బెండు ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నేను చెయ్యి పట్టుకోబోయాను. మోచేత్తో తోసేసి, నా కళ్లలోకి చూస్తూ నమిలింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి దవడ కదలలేదు.

ఆవిడ ముఖంలో ఏదీ మారలేదు. మారకుండా ఉంచడానికి ఎంత అవస్థ పడుతోందో మాత్రం మెడ దగ్గర నరాల్లో కనిపించింది. కళ్లలో నీళ్లు ఊరాయి. రెప్ప వెయ్యలేదు. పక్కింటి అత్త కొంగు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పిల్లాడు చేటలోంచి ఒక గింజ తీశాడు. మామ్మ వాడి వేళ్లు విప్పి ఆ గింజను తీసేసుకుంది. దోసిట్లోవి చేటలో పోసేసి, చేటను తన ఒళ్లోకి లాక్కుంది. నోట్లో ముక్కను బుగ్గన పెట్టుకునే మాట్లాడింది.

"పురుగు పట్టినాదే. ఈ ఏడు ఇయ్యను."

"పురుగేటి సిన్నమ్మా? మల్లిమొగ్గల్లా తెల్లగుంటే!"

"సెప్తన్నాను కదే, ఎల్లు. పిల్లోణ్ని బేగి తీసుకెల్లు. ముందు ఆడి సెయ్యి కడుగు."

పక్కింటి అత్త ముఖం ముడుచుకుని, మనవణ్ని ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇవ్వడం ఇష్టం లేకపోతే అదే చెప్పొచ్చు కదా అని దడి అవతల గొణగడం మాకు వినిపించింది.

అప్పుడు ఉమ్మింది మామ్మ. నేను చెంబుతో నీళ్లు ఇచ్చాను. పుక్కిలించింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ పుక్కిలించింది. అమ్మ బెల్లం ముక్క పట్టుకుని పరుగెత్తి వచ్చింది. మామ్మ దాన్ని అందుకోలేదు. లేచి, చేటలోని గింజల్ని, పెంకుల్ని, బండ మీద రాలిన బెండు పొడిని కూడా ఊడ్చి, తీసుకెళ్లి పొయ్యిలో పోసింది. చిటచిటమని కాలుతున్నంతసేపు అక్కడే నిలబడింది.

తిరిగి వచ్చి పెరట్లో ఉత్త రాటల వైపు చూసింది. తరువాత అమ్మ వైపు చూసింది. అమ్మ తల దించుకుంది. పచ్చగా ఉన్న తీగల్ని ఎండిపోయాయని ఎందుకు పీకిందో, ఆనపకాయ కూర ఎందుకు మానేశామో, రసం మాట ఎత్తితే నాన్న ఎందుకు లేచి వెళ్లిపోయేవాడో, అన్నీ ఒక్కొక్కటిగా ఆవిడకు తెలుస్తుండడం నేను చూస్తూ నిలబడ్డాను. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

"మీ నాన్నకి కడుపులో పుండు కాదు కదే?"

కాదన్నట్టు తలూపాను.

మామ్మ బండ మీద కూర్చుంది. కొంగుతో నాలుక తుడుచుకుంది, ఇంకా చేదు పోనట్టు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, అమ్మకు కూడా వినపడనంత మెల్లగా అడిగింది.

"ఇది గళాసుడు తాగినాడేటే, నా కొడుకు?"