నురగ బాబాయి షేర్ల యవ్వారం

తన సెలూన్లో వాదన ముదిరితే, ఎవరి నోరు ఎక్కువ లేస్తోందో వాళ్ల మూతికి దట్టంగా సబ్బు నురగ పట్టించడం ఆయన పద్ధతి. అందుకే వీధంతా ఆయన్ను నురగ బాబాయి అంటుంది. ఊరందరి నోళ్లూ మూయించినవాడు తన బుద్ధిని మాత్రం అదుపులో పెట్టుకోలేకపోయాడు. పెళ్లాం చెవి మిషను కోసం దాచిన డబ్బు తీసుకెళ్లి కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీ షేర్లలో పోశాడు మహానుభావుడు! "కొత్త మోడల్ వస్తోందట, ఆగు" అని ఆవిడకు కబుర్లు. ఆవిడ కూర్చునేది అదే సెలూన్లో, గల్లాపెట్టె దగ్గర. షేర్ల గొడవ ఆవిడ చెవిన పడకూడదని, అప్పట్నుంచీ ఆయన ఏం మాట్లాడినా గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు.

ఆ రోజు కంపెనీ మూడు నెలల ఫలితాలు వచ్చాయి. లాభం రెట్టింపు. షేరు మాత్రం ఢమాల్!

"లాభమొస్తే పడటమేంటండీ?" బాబాయికి కత్తెర ఆడలేదు.

"ముందు ముందు వస్తుందని వాళ్లు చెప్పిన లాభం జనం ఆశకి ఆనలేదు, అంతే," అన్నాడు కుర్చీలో ఉన్న రిటైర్డు బ్యాంకు మేనేజరు. "ఇప్పుడు అమ్మేవాడంత వెర్రిబాగులవాడు ఇంకోడుండడు."

"ఏడ్చినట్టుంది!" బెంచీ మీది లెక్చరరు లేచాడు. "ఆ కంపెనీ చిప్పులు కొనేది నలుగురే పెద్ద కస్టమర్లు. వాళ్లు మానేస్తే మనందరి చేతికీ చిప్పే!"

మేనేజరు మళ్లీ నోరు తెరవబోతే బాబాయి గడ్డం కింద కత్తి ఆనించి, మెల్లగా అడిగాడు.

"మీ దగ్గర ఎన్నున్నాయి సార్?"

గొంతు మీద కత్తి ఉంటే నిజం రాక చస్తుందా? "నావి... పోయిన నెలే అమ్మేశాను."

"మీరో మేస్టారూ?"

లెక్చరరు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. "ఒక్కటీ అమ్మలేదు. ఇంకాస్త పడితే మరికొన్ని కొందామని..."

"మీ వాదనలు తగలెయ్య!" అనుకుని, బాబాయి ఆ మధ్యాహ్నమే అన్నీ అమ్మేశాడు. మిగిలినదానికి చవకరకం మిషనే వచ్చింది.

మర్నాడు ఆవిడ అది పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుంది. బాబాయి లెక్చరరుకి నురగ పట్టిస్తూ, పాడు అలవాటు కదా, గొణిగాడు. "ఈవిడకి తెలీదు లెండి. షేర్లలో పోసిందంతా తెలిస్తే నన్ను బతకనిస్తుందా?"

లెక్చరరు గల్లా వైపు కళ్లెగరేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఇన్నాళ్లూ నువ్వు గొణిగేవాడివా?" ఆవిడ లేచి నిలబడింది. "నీ మాట ఒక్కటీ వినపడక, నా చెవులు పూర్తిగా పోయాయనుకున్నాను. నీ గొంతు ఎలా ఉంటుందో మర్చిపోతానేమోనని ఎంత ఏడ్చానో తెలుసా?"

డబ్బు గురించి తిడితే చెప్పడానికి బాబాయి దగ్గర నాలుగు అబద్ధాలు తయారుగా ఉన్నాయి. దీనికి ఒక్కటీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"గట్టిగా చెప్పు," అంది ఆవిడ. "ఏం చేశావో అంతా, నాకు వినపడేలా చెప్పు."

చెప్పాడు, మొదట్నుంచీ. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి విన్నారు.