మాత్ర మింగాక ఒక పేజీ

మా డాక్టరు ఫాబ్రిసియోకి ఉన్న జబ్బు ఒక్కటే. కనపడిన ప్రతి మనిషికీ తన నవల చదివి వినిపించేవాడు. ఏడాది పల్లె సేవకని రాజధాని లిమా నుంచి మా రేవు ఊరి ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు అతనికి ఇరవై ఆరేళ్లు. స్టెతస్కోపు మర్చిపోయి వచ్చాడు గానీ, అచ్చయిన నవల మర్చిపోలేదు. నేనక్కడ ఇరవై తొమ్మిదేళ్లుగా నర్సుని. అప్పటికే కాళ్లూ నడుమూ లాగేవి, అతనొచ్చాక చెవులు కూడా లాగడం మొదలైంది.

ఒకసారి చేపలమ్మే ఫెలిసితాస్ చేతికి బీపీ పట్టీ బిగించి, పుస్తకం తెరిచాడు.

"బాబూ, చెయ్యి తిమ్మిరెక్కుతోంది," అందామె.

"ఒక్క పేజీ అమ్మా. ఒక్కటే."

పేజీ అయ్యాక బీపీ చూసి కంగారుపడ్డాడు. "ఇందాక ఇంత లేదే?"

"ఇందాక మీరు చదవలేదు కదా బాబూ."

బయట వరస వీధి దాకా పాకేది. "లోపల వైద్యమా, ప్రసంగమా?" అని తిట్లన్నీ నాకే. దానికి తోడు మందుల ఇండెంటు ఫారాలు కట్టలకు కట్టలు మాయమయ్యేవి. అడిగితే, "ఎలుకలేమో ఎర్మెలిందమ్మా," అనేవాడు. మా కేంద్రంలో ఎలుకల్లేవు. వాదించే ఓపిక నాకూ లేదు.

అందరికన్నా ఎక్కువ విన్నవాడు సెనోన్. పడవ మనిషి, క్షయ రోగి. ఆరు నెలలు రోజూ వచ్చి నా కళ్లముందు మాత్రలు మింగాలి. మూడో నెలకి దగ్గు తగ్గింది, ఒళ్లు వచ్చింది. అటు నెత్తళ్ల చేపల వేట మొదలైంది. ఇలాంటివాళ్లు సరిగ్గా అప్పుడే మానేసి సముద్రం మీదికి పోతారు. మళ్లీ రక్తం కక్కుతూ వస్తారు. అలా వచ్చినవాళ్లను ముగ్గురిని నా చేతులతో సాగనంపాను.

డాక్టరు ఒక నియమం పెట్టాడు: మాత్ర మింగాకే పేజీ. నవల్లో కంచరగాడిదలు తోలే బ్రౌలియో అంటే సెనోన్‌కి ప్రాణం.

"వాడు గనక చచ్చాడో, ఆ రోజుతో నేను రావడం బంద్," అన్నాడు సెనోన్ ఒకనాడు.

"చూద్దాం లే. ముందు నీళ్లు తాగు," అన్నాడు డాక్టరు. ఎందుకో అతని ముఖం పాలిపోయింది.

ఐదో నెలలో, రిపోర్టు ఇవ్వడానికి పట్నం వెళ్లినప్పుడు పుస్తకాల కొట్లో ఆ నవల కనపడింది. రోజుకో పేజీతో విసిగిపోయి ఉన్నాను. ముగింపేదో తెలిస్తే పీడా పోతుందని కొన్నాను. బస్సులో చదివితే అరవై ఒకటో పేజీలో బ్రౌలియో లోయలో పడి చచ్చిపోయాడు. అంతకుముందు రోజే వాడు మా కేంద్రంలో రెండో పెళ్లి చేసుకున్నాడు.

మర్నాడు డాక్టరు వెనక నిలబడి చూశాను. పుస్తకం మధ్యలో నా ఇండెంటు ఫారాలు. వాటి వెనకవైపంతా డాక్టరు చేతిరాత.

"రాత్రంతా రాస్తే ఒక పేజీ అవుతుందమ్మా," అన్నాడు తర్వాత, తల దించుకుని. "పోయినవాణ్ని బతికించడం నాకు చదువులో చెప్పలేదు."

ఇన్నాళ్లూ అతన్ని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది. కొత్త ఫారాల కట్ట తెచ్చి బల్లమీద పెట్టాను.

ఆరో నెల ఆఖరి రోజున సెనోన్ కఫంలో క్రిమి లేదు. మాత్ర మింగి చెయ్యి చాపాడు. "ఆ పుస్తకం నాకివ్వండి. పడవ మీద మావాళ్లకి చదువుతాను."

డాక్టరు నావైపు చూసి బిక్కమొహం పెట్టాడు.

నేను కొన్న ప్రతి తీసి సెనోన్‌కిచ్చాను. అరవై ఒకటి నుంచి చివరి దాకా ముందే చింపేసి, ఆ చోట డాక్టరు రాసిన ఫారాలన్నీ గాయాలు కుట్టే దారంతో కుట్టి ఉంచాను.

ఆ నెల రిపోర్టులో, ఫారాలన్నీ ఎలుకలు కొట్టేశాయని రాసి సంతకం పెట్టాను. నేను రాసిన మొదటి కథ అదే.