మెయిలు ఆగిన మూడు నిమిషాలు

ఈ రోజు తాడేపల్లిగూడెం స్టేషనులో మెయిలు మూడు నిమిషాలు ఆగింది. ముందు పెట్టెలో పేరుమోసిన వస్తాదు, చివరి పెట్టెలో గొప్ప తత్త్వవేత్త ఉన్నారు.

"రారా, వస్తాదును చూద్దాం. ఏలూరు గోదాలో దొర్లిన రోజులు మరిచావా?" అన్నాడు నా చిన్ననాటి కుస్తీ జోడీ, దర్జీ ఖాదర్.

మరవలేదు. నూనె, పసుపు కలిపిన ఆ మట్టి వాసన ఇంకా ముక్కులోనే ఉంది. అయినా ఇరవై ఏళ్లుగా నా ఉత్తరాలకు జవాబివ్వని ఆ తత్త్వవేత్తను నిలదీయాలని చివరి పెట్టెకే పరుగెత్తాను.

ఆయన కిటికీలోంచి బయటికి వంగి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "ఏవండీ, కాస్త పక్కకు జరుగుతారా? వస్తాదు కనబడటం లేదు. చిన్నప్పుడు నేనూ కుస్తీ పట్టినవాణ్ణే లెండి," అన్నాడు.

జరిగాను. రైలు వెళ్లిపోయింది. ఆయన పుస్తకాలన్నీ చదివాను, ఆయన నచ్చింది మాత్రం ఈ రోజే. మీరైతే జరిగేవారా, నిలదీసేవారా?