హాల్ట్ సాంసన్

మా నాయిన సాంసన్‌కు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట వచ్చు. హాల్ట్. దానికి కుంటి అని అర్థమనుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఎట్లా నేర్పితే అట్లా నేర్చుకున్నాడు.

ఆ కాలు పుట్టుకతో కుంటిది కాదు. చిన్నప్పుడు దొర గడీకి వెట్టికి వడ్లు తోలుతుంటే బండి చక్రం పాదం మీదుగా పోయింది. దొర పరుగున వచ్చి చూసుకున్నది చిరిగిన వడ్ల బస్తాను. మానుకోటలో మిషనువాళ్ళు కట్టు కట్టి, పుండు మానాక బంగళాలో నీళ్ళు మోసే పనిలో పెట్టుకున్నారు. ఒక ఆదివారం తెల్లదొరసాని, బైబిల్లో విందుకు వచ్చిన కుంటివాళ్ళ కథ చెబుతూ, వాళ్ళను తమ భాషలో ఏమంటారో చెప్పి మా నాయిన వైపు వేలు చూపించిందట. ఆనాటి నుంచి నౌకర్లందరికీ ఆయన హాల్ట్ సాంసన్. ఆమె మనసులో ఎగతాళి లేదని నాయిన అనేవాడు. లేకపోవచ్చు. ప్రేమతో గుచ్చినా ముల్లు ముల్లే.

పోలీసు యాక్షన్ అయింది, రజాకార్లు పోయారు, ఇక గట్టెక్కామనుకుంటే పటాలం వచ్చి కేసముద్రం దారిలో మా ఊరి పొలిమేరన డేరాలు వేసింది. అడవుల్లో దాక్కున్న సంఘం వాళ్ళకు అన్నం మోస్తున్నారని దారిన పోయే ప్రతివాణ్నీ ఆపడమే వాళ్ళ పని. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది మా బతుకు.

ఆ ఎండాకాలంలో మా అమ్మ సాలమ్మకు తొలికానుపు నొప్పులు వచ్చాయి. తెల్లారుతూనే మొదలైతే, పొద్దెక్కినా కానుపు కాలేదు. మా అమ్మమ్మ కొమురమ్మ గుడిసె లోపలి నుంచి చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“బిడ్డ అడ్డం తిరిగింది కొడుకా. నాతోని గాదు. బిరాన పోయి పక్కూరి రహీమాబీని తోలుకరా.”

నాయిన చేతికర్ర పట్టుకుని బయలుదేరాడు. పక్కూరికి దారి డేరాల ముందు నుంచే పోతుంది. అవి దాటుతుండగా వెనక నుంచి కేక వినబడింది. “హాల్ట్.”

నాయినకు ఒళ్ళు మండింది. ఊరంతా కుంటోడని పిలిచేది చాలదని, ఎక్కణ్నుంచో వచ్చినవాడు కూడా పిలవాలా? పెండ్లాం ప్రాణం మీదికి వస్తే వీడి వెక్కిరింతకు నిలబడే తీరిక ఎవరికుంది? ఇంకో కేక పడింది. నాయిన అడుగు పెంచాడు. మూడోసారి కేక లేదు. తుపాకి మడమ వచ్చి వీపు మీద పడింది.

డేరాలో అధికారి పక్కన కోస్తా నుంచి తెచ్చుకున్న దుబాసీ ఉన్నాడు. “హాల్ట్ అంటే ఎందుకు ఆగలేదురా?” అన్నాడు.

“నేను హాల్టే సారు, కాదన్ననా? కుంటోణ్ని కుంటోడంటే మర్లి జూడాల్నా? నా పెండ్లాం నొప్పులు పడుతున్నది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసానిని తోలుకరావాలె. జర ఇడువుండ్రి.”

దుబాసీ “ఇడువుండ్రి, ఇడువుండ్రి” అని మా యాసను రెండుసార్లు పలికి నవ్వుకున్నాడు. అధికారికి ఇంగ్లీషులో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. “అయితే నీ బిడ్డకు కూడా హాల్టేనన్నమాట” అన్నాడు మళ్ళీ నాయినతో. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు రక్తం ఉడుకుతుంది. కుంటి నిజమో నాటకమో తేల్చుకుందామని డేరా చుట్టూ నడిపించారు. ఆ తర్వాత ఎండలో కూర్చోబెట్టి మరిచిపోయారు. పశువులు ఇంటికి మళ్ళే వేళకు వదిలేశారు. హాల్ట్ అంటే ఆగు అని, అప్పుడు చెప్పాడు ఆ దుబాసీ.

నేను పంతులమ్మనయ్యాక నిఘంటువు తీసి చూశాను. ఆగు అన్న అర్థం ఉంది, కుంటి అన్న పాత అర్థమూ ఉంది. రైలు కాసేపు నిలిచే చిన్న చోటును కూడా ఆ మాటతోనే పిలుస్తారు. మా నాయినకు ఒక అర్థం తెలుసు, పటాలానికి ఇంకొకటి తెలుసు. తుపాకి ఉన్నవాడి అర్థమే చెల్లింది.

ఆ మునిమాపున నాయిన పోయి చెప్పగానే రహీమాబీ పరుగున వచ్చింది. బిడ్డను తిప్పి బయటికి తీసింది. అమ్మ దక్కింది, మగబిడ్డ దక్కలేదు.

“జర పొద్దుండంగ పిలిస్తే దక్కేటోడు” అని రహీమాబీ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆ దక్కనివాడు నాకు అన్న కావలసినవాడు.

మర్నాడు పొద్దున నాయిన బిడ్డను పాత ధోవతిలో చుట్టి ఎత్తుకున్నాడు. అమ్మమ్మ పార పట్టుకుని వెంట నడిచింది. పీనుగలను పూడ్చే బొందలగడ్డ డేరాలకు అవతల ఉంది. డేరాల ముందుకు రాగానే మళ్ళీ అదే కేక. ఈసారి తుపాకి కూడా పైకి లేచింది.

“ఆగు కొడుకా, కాలుస్తరు” అంటూ అమ్మమ్మ నాయిన రెక్క పట్టుకుంది.

“నిన్న తెల్వక ఆగలేదత్తా” అన్నాడు నాయిన. “ఇయ్యాల తెలిసే ఆగుతలేను.”

రెక్క విడిపించుకుని, కాలు ఈడ్చుకుంటూ తుపాకి ముందు నుంచే నడిచిపోయాడు. సిపాయి కాల్చలేదు. అమ్మమ్మ పార భుజానికెత్తుకుని అల్లుడి వెనకే పోయింది.