నా జైలు సంబంధం

కాలు ఒకచోట నిలవని వయసు ఒకటుంటుంది. నాకది ఇరవై ఆరో ఏట, ఉద్యోగం ఊడిన వారానికే వచ్చిపడింది. ఆ రోజుల్లో టెక్సాస్‌లో, కాపెల్‌లోని మా ఇంట్లో పొద్దున్నే లేచి ఫ్రిజ్ తెరవడం, ఏమీ తీసుకోకుండా మూయడం, కాసేపాగి మళ్ళీ తెరవడం (లోపల ఏదైనా మారిందేమోనని) నా దినచర్య. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినన్నాళ్ళూ కుర్చీలో కూర్చోలేక చచ్చాను; ఇప్పుడు కూర్చోమనేవాళ్ళు లేక చస్తున్నాను. అలాంటి ఒక మధ్యాహ్నం ఊరికే కారేసుకుని తిరుగుతూ ఒక జాబ్ ఫెయిర్‌లోకి దూరాను. అన్ని టేబుళ్ళ దగ్గరా క్యూలే. ఫెడరల్ జైలు వాళ్ళ దగ్గర మాత్రం ఎవరూ లేరు. అక్కడున్న ఆఫీసరమ్మ “సిటిజనేనా? వయసు ముప్పై ఏడు దాటలేదుగా? డిగ్రీ ఉందా? డ్రగ్స్ అలవాటేమైనా?” అని గబగబా అడిగింది. (నాన్నతో పాటే నాకూ సిటిజన్‌షిప్ వచ్చింది, అలవాటల్లా ఫిల్టర్ కాఫీ.) “రోజంతా తిరుగుతూనే ఉండాలి, కూర్చోవడం కుదరదు” అంది చివర్లో, నేను జడుసుకుంటానని. నాకైతే ఆవిడని కౌగిలించుకోవాలనిపించింది.

ఇంట్లో “ఫెడరల్ జాబ్‌కి అప్లై చేశాను” అని మాత్రమే చెప్పాను. “పెన్షన్ వస్తుందే!” అని నాన్న పొంగిపోయాడు. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చుని, ఖైదీ తన గదిలోకి వెళ్ళనని మొండికేస్తే ఏం చేస్తావన్నారు. “ప్లీజ్ అంటాను.” “అయినా కదలకపోతే?” “ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి పిలుస్తాను. మా అమ్మ అలా పిలిస్తే నేనెక్కడున్నా వెళ్ళిపోతాను.” ముగ్గురూ నవ్వారు. మనిషంత బొమ్మని ఈడ్చే పరీక్షలో బొమ్మా నేనూ కలిసే కింద పడ్డాం గానీ గీత దాటాకే పడ్డాం కాబట్టి పాసయ్యాను.

ఇక మిగిలింది నా నడవడి గురించిన విచారణ. సూటు వేసుకున్న ఒకాయన మా పక్కింటి ఆంటీ తలుపు తట్టి, “ఈ అమ్మాయి ఎలాంటిది? కోపం ఎక్కువా? అప్పులున్నాయా?” అని అడిగాడట. ఇలాంటి ప్రశ్నలు ఆంటీకి తెలిసిన లోకంలో ఒకే ఒక్క సందర్భంలో అడుగుతారు. వెంటనే కాఫీ ఇచ్చి, నా అంత నెమ్మదస్తురాలు ఈ టెక్సాస్‌లోనే లేదని సర్టిఫికెట్ ఇచ్చేసింది. ఆ తర్వాత తన ప్రశ్నలు మొదలుపెట్టింది. సాయంత్రానికి అమ్మకి ఫోన్.

“ఏం సంబంధం వదినా ఇది? అబ్బాయి ఎలా ఉంటాడంటే, అక్కడ వందలమంది ఉన్నారంటాడు! పోనీ ఒకసారి ఇంటికి పంపండి అన్నానా, వాళ్ళెవరూ బయటికి రావడానికి లేదంట!”

ఫోన్ పెట్టేసి అమ్మ నా వంక చూసింది. ఇంటిపేరుతో సహా పిలిచింది. మొత్తం చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

“నిన్నెవరైనా కొడితే?”

“ట్రైనింగ్ ఇస్తారమ్మా.”

“ఇంట్లో అంత ఊపిరాడకుండా ఉందేంటే నీకు?”

లేచి అటూ ఇటూ తిరిగాను. అమ్మ “సరే, వెళ్ళు. నువ్విలా తిరుగుతుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి” అంది.

శిక్షణ అయ్యాక మొదటిరోజు డ్యూటీ. వెనకాల ఇనుప తలుపు మూసుకుంది. నడుముకి తాళాల గుత్తి. పైకి ధీమాగా కనబడాలని హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఆగకుండా నడుస్తూనే ఉన్నాను. గోడవారగా కూర్చుని పేకముక్కలు పేర్చుకుంటున్న ఒక ముసలి ఖైదీ తలెత్తాడు.

“మిస్, మీకు సాయంత్రం ఇంటికెళ్ళే వీలుంది కదా, మరెందుకంత తొందర?”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నేను కూడా నవ్వాను, ఆగాను. ఎన్నో నెలల తర్వాత నా కాళ్ళు నేలమీద నిలిచిన క్షణం అది. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను, నెమ్మదిగానే నడుస్తున్నాను. అప్పుడప్పుడు మాత్రం తాళాలు గలగలలాడించుకుంటూ ఎక్కడికో తెలియకుండా పరుగెత్తిన ఆ మొదటిరోజు పిల్ల గుర్తొస్తుంది. ఆ తొందర ఒక్క పూటైనా తిరిగొస్తే బావుణ్ననిపిస్తుంది.