ఎర్రకాళ్ళ పక్షి వంకర కాళ్ళు

2023 డిసెంబరు. హైదరాబాదు శివారు బీరంగూడలో నాది కళ్ళద్దాల దుకాణం. నేను ఆప్టోమెట్రిస్టుని, కంటి డాక్టర్ని కాను. చూపు పరీక్షించి పవర్ తేలుస్తాను, జబ్బు అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపుతాను. జనానికి ఈ తేడా పట్టదు, అందరికీ నేను డాక్టర్నే. దిద్ది దిద్ది మానేశాను.

ఒక సాయంత్రం సుబ్బారావుగారు మెడలో కెమెరాతో వచ్చారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో చేసి రిటైరయ్యారు. తయారైన షాఫ్టు, అంటే యంత్రంలో తిరిగే ఇనప కడ్డీ, తిన్నగా ఉందో లేదో తేల్చడం ఆయన పని. రిటైరయ్యాక చెరువుల ఒడ్డున తిరుగుతూ నీటిపక్షుల ఫోటోలు తీయడం మొదలుపెట్టారు.

"ఈ కెమెరా మోసం చేస్తోందండీ. వ్యూఫైండర్‌లో బొమ్మ సరిగ్గా ఉండట్లేదు. రిపేరువాడు అంతా బానే ఉంది పొమ్మన్నాడు. నా పవరొకసారి చూసి రాసివ్వండి, వాడి మొహాన కొడతాను."

వ్యూఫైండర్ అంటే ఒక కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ. నేను రిఫ్రాక్షన్ చేశాను, అంటే అద్దాలు మార్చి మార్చి పవర్ తేల్చడం. కుడికన్ను చివరి వరుస దగ్గర కాస్త తడబడింది, అంతే. ఆ వయసుకు అది మామూలే. సరిగ్గా లేకపోవడమంటే ఎలా అని అడిగాను.

"మాటల్లో చెబితే మీకర్థం కాదు. ఆదివారం చెరువుకి రండి, చూపిస్తాను" అన్నారు.

నాకు పక్షుల పిచ్చి లేదు. వారమంతా దుకాణంలో నిలబడేవాడికి ఆదివారం నిద్రే పండగ. అయినా ఆయన వదిలే రకం కాదని, తిట్టుకుంటూనే వెళ్ళాను.

ఇంద్రేశం ఊరు దాటాక ఉంది చెరువు. ఒడ్డు బురదలో మెల్లగా నడిచాం. కొంగల్నీ నీటికాకుల్నీ ఆయన గొంతు తగ్గించి చూపించారు. లోతు లేనిచోట నల్లరెక్కలు, పొడవాటి ఎర్రకాళ్ళు ఉన్న పక్షులు మేస్తున్నాయి. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ అట. కాళ్ళు చీపురుపుల్లల్లా ఉన్నాయి. ఆయన కూర్చుని కుడికంటికి కెమెరా ఆనించుకున్నారు.

"అదిగో! కాళ్ళు పాముల్లా మెలికలు తిరిగున్నాయి. ఫోటో తీసి వెనక స్క్రీను మీద చూస్తే తిన్నగానే ఉంటాయి. ఇది వ్యూఫైండర్ దోషం కాక ఇంకేంటి?"

కెమెరా తీసుకుని చూశాను. కాళ్ళు నిటారుగా ఉన్నాయి. లోపం కెమెరాలో కాదు.

"సార్, జెర ఎడమకన్నుతోని చూడండి" అన్నాను.

చూశారు. కాళ్ళు తిన్నగానే ఉన్నాయన్నారు. తర్వాత కెమెరా దించి, ఎడమకన్ను మూసి, అవతలి ఒడ్డున కరెంటు స్తంభం వైపు చూశారు. అదీ వంగే ఉందన్నారు.

"సర్వీసంతా ఈ కంటితోనే చూసి, వంకరని షాఫ్టులు వెనక్కి పంపానండీ" అన్నారు.

"షాఫ్టుల ముచ్చట ఇడిసిపెట్టండి సార్. ఇగ ఒక్క దినం గూడ ఆగొద్దు. రెటీనా డాక్టర్ దగ్గరికి జల్దీ పోవాలె."

దుకాణానికి తీసుకొచ్చి ఆమ్స్‌లర్ గ్రిడ్ చూపించాను. అది మధ్యలో చుక్క ఉన్న గళ్ళ కాగితం. కుడికంటికి చుక్క పక్క గళ్ళు కుంగి కనిపించాయి. కంటి వెనక ఉండే రెటీనా పొర కింద నీరు చేరితే తిన్నని గీత ఇలా వంగుతుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను ఆ లోపాన్ని కప్పేస్తుంది. ఆలస్యమైతే చూపు నడిమధ్యన మచ్చ పడి, ఇక పోదు. మర్నాడే హైదరాబాదులో రెటీనా డాక్టరు చూసి, కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నెలలు పట్టింది. పోయిన చూపు పూర్తిగా రాలేదు గానీ, గీతల వంకర పోయింది, ఉన్న చూపు నిలబడింది.

అప్పటినుంచి "సరిగ్గా కనిపించట్లేదు" అని ఎవరొచ్చినా, పవర్ జోలికి పోకముందే ఒక కన్ను మూయించి, తలుపు అంచు ఎలా ఉందో చెప్పమంటాను.

రోజూ చూసుకోమని సుబ్బారావుగారికి గ్రిడ్ కాగితం ఇచ్చాను. ఫ్రిజ్‌కి అంటించి మర్చిపోయారట. ఆయన పరీక్ష చెరువు దగ్గరే. ఆదివారం తెల్లవారగానే ఒడ్డు నుంచి ఫోన్ చేస్తారు.

"ఎడమకన్ను మూసి చూశానండీ. కాళ్ళు తిన్నగా ఉన్నాయి. పాస్!"

విసుక్కుంటూ పెట్టేస్తాను. కానీ ఆ ఫోన్ రాకముందే మెలకువ వచ్చేస్తోంది.